ఉప్పుటేరు మూశామనుకుందాం

రేవులో చమురు ఒలికితే ఏం చేయాలో ఆ సమావేశపు గదిలో కూర్చున్న అందరికీ తెలుసు. ఎవరు చేయాలన్నదే ఎప్పటికీ తేలదు. అది తేల్చడానికే ప్రభుత్వం ఒక ఉద్యోగం సృష్టించి, అందులో ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఆ ఉద్యోగం పేరు పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి కాబట్టి, రేవులో అందరూ ఆమెను డ్రిల్లమ్మ అనేవారు. ఏటేటా జరిగే డ్రిల్లు, అంటే లేని చమురును ఉన్నట్టే ఆపి చూపించే కార్యక్రమం, ఆమె చేతుల మీదుగా జరుగుతుంది. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత ఒళ్లు మండటానికి అంతకంటే పెద్ద కారణాలు బోలెడు దొరకడంతో పేరు సంగతి వదిలేసింది.

ఆ రోజు డ్రిల్లుకు ముందు ఆఖరి సమావేశం. బల్లకు ఒక పక్క రేవు కెప్టెన్. ఓడ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆయన ఊఁ అనాలి. ఎదురుగా తీరరక్షక దళం కమాండర్, ఇస్త్రీ నలగని తెల్ల యూనిఫాంలో. ఇద్దరికీ మధ్యన కాలుష్య మండలి ఇంజనీరు. ఇల్లు అంటుకుందని చెప్పినా “ఆ ముక్క రాసి పంపండి” అనే రకం. చాలాసేపటి నుంచి ముగ్గురూ తెగ వాదించుకుంటున్నారు, చమురు గురించి కాదు, వేదిక మీద ముఖ్య అతిథి పక్కన ఎవరి కుర్చీ వెయ్యాలన్న దాని గురించి.

“సముద్రంలో ఏది జరిగినా బాధ్యత మాది. కుర్చీ మాదే ఉండాలి” అన్నాడు కమాండర్.

“రేవు గోడ దాటాక మీది. గోడకి ఇవతల మాది. వేదిక గోడకి ఇవతలే ఉంది” అన్నాడు కెప్టెన్.

“చమురు గోడ దగ్గర ఆగి ఎవరి హద్దో కనుక్కుని మరీ వస్తుందా సార్?” అంది డ్రిల్లమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు మాత్రం ఆ మాట రాసుకున్నాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, ఇక్కడ మజ్జిగ కూడా మిగల్లేదు, వట్టి నీళ్లే ఉన్నాయని ఆమెకు అనిపించింది. అయినా గొంతు సవరించుకుని, ప్రతి ఏడూ అడిగే మాటే మళ్లీ అడిగింది.

“ఈసారైనా కంచె ఉప్పుటేరు మొహాన వేద్దాం సార్.”

కంచె అంటే నీళ్ల మీద తేలే పొడవాటి అడ్డు. గాలి నింపిన నారింజ రంగు గొట్టం, దాని కింద పరదాలా వేలాడే రబ్బరు గుడ్డ. చమురు నీటి మీద తేలుతుంది కాబట్టి ఈ కంచె దాన్ని ఎక్కడికక్కడ నిలేస్తుంది. రేవు వెనకాల, పెద్ద పెద్ద చమురు ట్యాంకులు దాటాక, ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చిందంటే సముద్రమే ఏట్లోకి ఎక్కుతుంది. రేవులో ఒలికింది ఏదైనా పోటుతో పాటు అక్కడికే పోతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు, ఒక చెప్పు నీళ్లలో పారేసుకుంటే చాలు, అది ఎక్కడ తేలుతుందో చూస్తే అర్థమైపోతుంది.

“అక్కడ షామియానా వెయ్యడానికి చోటేదమ్మా?” అన్నాడు కెప్టెన్.

“కార్లు పోవు. అంతా బురద. అతిథిగారు బూట్లు విప్పి నడుస్తారా?” అన్నాడు కమాండర్. ఇంతసేపట్లో వాళ్లిద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదటిసారి.

“డ్రిల్లు అతిథికా సార్, చమురుకా?”

“రెంటికీ” అన్నాడు కెప్టెన్, ఏ మాత్రం తడబడకుండా. “ఎప్పటిలాగే జెట్టీ ముందు వేద్దాం. ఉప్పుటేరు మూశామనుకుందాం.”

ఆ గదిలో అన్ని రోగాలకూ అదొక్కటే మందు. పడవ మరమ్మతులో ఉంటే, పడవ వచ్చిందనుకుందాం. గాలి ఎదురు తిరిగితే, లేదనుకుందాం. రేవు వాళ్ల కంచె కొసకున్న కొక్కేలు ఒక రకం, దళం వాళ్ల కంచె కొసకున్నవి ఇంకో రకం. చచ్చినా ఒకదానికొకటి తగలవు. మధ్యలో ఒక అతుకు చేయించమని డ్రిల్లమ్మ అడిగీ అడిగీ అలిసిపోయింది. ముందు కొన్నది వాళ్లు కాబట్టి వాళ్లే చేయించాలని వీళ్లు, తర్వాత కొన్నది వీళ్లు కాబట్టి వీళ్లే చూసుకోవాల్సిందని వాళ్లు. డ్రిల్లు రోజున రెండు కొసలనూ తాడుతో కట్టేసి, ఆ ముడి వేదిక మీది వాళ్లకు కనపడకుండా అవతలి వైపుకు తిప్పుతారు. కలిశాయనుకుందాం!

ఉప్పుటేరు విషయంలో మాత్రం ఆమె ఒకప్పుడు గట్టిగా పోట్లాడి ఒకటి సాధించుకుంది. కంచె వేసే బృందం నాయకుడు లంగరు పడగానే వైర్లెస్‌లో మూడు మాటలు చెప్పాలి: “కంచె దిగింది. లంగరు పడింది. ఉప్పుటేరు మూశాం.” ఆ మూడో మాట ఆమె రాసిందే. పని ఎలాగూ చెయ్యనివ్వరు, కనీసం పేరైనా అందరి చెవిన పడుతుందని, పేరు వినగా వినగా ఎప్పటికైనా పనీ చేస్తారని ఆమె ఆశ. ఆశపడటంలో తప్పు లేదు గానీ, ఆ ఆశను సర్కారు కాగితం మీద పెట్టకుండా ఉండాల్సింది.

ఉప్పుటేరంటే ఆమెకు అంత పట్టుదల ఎందుకంటే, అక్కడ ఆమె అన్నయ్య పీతలు పెంచుతాడు.

ఆదివారం ఆమె వెళ్లేసరికి అన్నయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, తేలే చట్రాల్లో వరసగా బిగించిన ప్లాస్టిక్ పెట్టెల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు. పెట్టెకొక పీత. కొన్ని ఒళ్లు ముడుచుకుని ఓ మూల కూర్చున్నాయి, కొన్ని కొత్తగా గుల్ల విడిచి మెత్తగా, తడి తోలులా ఉన్నాయి. వదిన గట్టు మీద కూర్చుని చిన్న చేపలు ముక్కలు చేస్తోంది, పీతల మేతకి.

“పెట్టెకి రెండేసి వెయ్యకూడదా అన్నయ్యా? చోటు కలిసొస్తుందిగా.”

“వేస్తే పొద్దునకి ఒకటే మిగుల్తుంది. మీ ఆఫీసుల్లాగే ఇవీను, ఒకదాని పక్కన ఒకటి బతకవు” అన్నాడు అన్నయ్య. వదిన కిసుక్కున నవ్వింది. “ఇంతకీ మీ సినిమా ఎప్పుడు?”

“సినిమా కాదు, డ్రిల్లు.”

“ఏదో ఒకటి. అందులో ఈసారైనా మా ఏరు ఉందా?”

“పేరుంది” అంది ఆమె, అటు చూడకుండా.

అన్నయ్య మూత పెట్టేసి నడుం నిటారు చేశాడు. ఎగతాళి తగ్గింది మొహంలో. “చిట్టీ, నిజం చెప్పు. రేపు నిజంగా అక్కడ నూనె ఒలికిందనుకో. ఏరు మూస్తారా?”

“మూస్తాం. మూయగానే నీకే ముందు ఫోన్ చేస్తాను.”

“మీ వాళ్ల మాట నాకొద్దు. పేపర్లో వేసినా నమ్మను. నువ్వు చెప్పు, చాలు.”

“నేనే చెప్తాను అన్నయ్యా.”

అదీ ఒప్పందం. పక్కన వదిన తప్ప సాక్షి లేదు, సంతకం అంతకన్నా లేదు. ఆమె ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పెట్టిన సంతకాలన్నిటికన్నా అదే బరువుగా తోచింది ఆమెకు.

డ్రిల్లు బాగా జరిగిందనే చెప్పాలి. కుర్చీల తగువు ముఖ్య అతిథికి అటొకటి ఇటొకటి వేయడంతో తీరింది. కంచె బృందానికి పెద్ద సరంగు. ఎన్నో ఏళ్లుగా రేవు పడవలు నడుపుతున్నవాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. జెట్టీ గోడకు దిగ్గొట్టిన ఇనప కడియాలకు తాళ్లు తగిలించి, కంచెను వేదిక ముందు నెలవంకలా వంచి, లంగరు వేయించి, వైర్లెస్ నోటి దగ్గర పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా మూడు మాటలూ చెప్పాడు. వేదిక మీద చప్పట్లు మోగాయి. మత్స్యశాఖ ఆయన ఫోటో సమయానికి వచ్చి, ఫోటో అవగానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకు నిజం చమురు ఒలికింది.

పొద్దున్నే, ఆఫీసుల్లో ఇంకా కుర్చీలు తుడుస్తున్న వేళ. ఒక ఓడలోకి ఇంధనం ఎక్కిస్తుంటే గొట్టం పగిలింది. ఓడ ఇంజన్లు తాగే నల్లటి చిక్కటి నూనె, కవాటం కట్టేసేలోగా చాలానే నీళ్లలో పడింది. కబురు అందగానే డ్రిల్లమ్మ పరుగున కంట్రోల్ రూముకు చేరింది. ఆ గదికి ఒకప్పుడు సముద్రం వైపు కిటికీ ఉండేది. గోడంత తెర బిగించడం కోసం ఆ కిటికీ మూసేశారు. ఇప్పుడా తెర మీద సముద్రపు పటం కనిపిస్తుంది, సముద్రం కనిపించదు.

ముందు అన్నయ్యకి ఫోన్ చేసింది. “నూనె ఒలికింది. పోటు మొదలయ్యేలోగా పెట్టెలు పైకి లాగెయ్. ఏటి నీళ్లు ఎక్కని పై చెరువులో పడెయ్.”

“ఇప్పుడా? సగానికి సగం ఇప్పుడే గుల్ల విడిచాయి చిట్టీ. మెత్తగా ఉన్నాయి. ఇప్పుడు కదిపితే చస్తాయి.”

“కదపకపోతే అన్నీ చస్తాయి. లాగు అన్నయ్యా, నేను మళ్లీ చేస్తా.”

తర్వాత వైర్లెస్ అందుకుంది. అందరూ వినే ఛానల్లోనే, స్పష్టంగా, రెండుసార్లు చెప్పింది: కంచె ముందు ఉప్పుటేరుకి, మిగతావన్నీ తర్వాత. రేవు నుంచి సరే అన్నారు. దళం నుంచి సరే అన్నారు. అంత తొందరగా సరే అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఎవరు ఏ ‘సరే’ ఎందుకన్నారో ఆలోచించే తీరిక ఆ పూట ఎవరికీ లేదు. ఒక ఫోనులో కెప్టెన్ ఓడలు ఆపాలా వద్దా అని అడుగుతున్నాడు. ఇంకో ఫోనులో ఇంజనీరు, ఒలికినదాని కొలత రాసి పంపమంటున్నాడు. పైనుంచి ఎవరో పెద్దాయన, టీవీ వాళ్లకి ఏం చెప్పాలో చెప్పమంటున్నాడు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వైర్లెస్ గరగరలాడింది. సరంగు గొంతు. “కంచె దిగింది. లంగరు పడింది. ఉప్పుటేరు మూశాం.”

తెర దగ్గర కూర్చున్న ఆపరేటర్ ఏటి మొహానికి అడ్డంగా పచ్చగీత గీశాడు. ఆ గీత చూడగానే డ్రిల్లమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్లు గోడకు మొరపెట్టుకుంటే గోడ ఇవాళ పలికింది! ఇంత త్వరగా ఎలా చేరారని ఎక్కడో లోపల ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది కూడా. కానీ ఆ మాట ఆమె చెవికి ఎంత అలవాటైన మాటంటే, ఆ ముల్లు అక్కడే విరిగిపోయింది. మళ్లీ అడగలేదు. ఎక్కడున్నావని అడగలేదు. అడగాల్సింది ఆ ఒక్క ముక్కే.

అన్నయ్యకి ఫోన్ చేసింది. అవతల నీళ్ల చప్పుడు, వదిన ఆయాసం వినపడుతున్నాయి.

“మూసేశారన్నయ్యా! ఇక పెట్టెలు లాగకు, ఆపెయ్.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

“నువ్వు చెప్తున్నావుగా. చాలు” అన్నాడు అన్నయ్య. ఫోన్ పెట్టేస్తూ వదినతో “ఆపవే, ఆపు, మూశారంట” అనడం ఆమెకు వినిపించింది.

పోటు సగానికి వచ్చిందో లేదో, మళ్లీ ఆయన దగ్గర్నుంచి ఫోన్.

“చిట్టీ, నీళ్లు నల్లగా వస్తున్నాయి.”

ఆమె తెర వైపు చూసింది. పచ్చగీత గీసినచోటే ఉంది.

జీపు ఎక్కి ట్యాంకుల రోడ్డు పట్టింది. దారి జెట్టీ మీదుగానే. జెట్టీ దగ్గర ఆమె అడక్కుండానే డ్రైవర్ జీపు ఆపాడు. ఎవరూ లేని వేదిక ముందు, నీళ్ల మీద, రేవు కంచె, దళం కంచె రెండూ పక్కపక్కనే నెలవంకలా వంగి ఎంతో అందంగా ఉన్నాయి. రెండు కొసలూ తాడుతో కట్టి, ఆ ముడి అవతలి వైపుకు తిప్పి ఉంది. చమురు ఆ దరిదాపుల్లో ఎక్కడా లేదు. లారీ డ్రైవరు కంచెను ఎప్పుడూ తెచ్చే చోటికే తెచ్చాడు. కడియాలు ఉన్నది అక్కడే. తాళ్లు ఆ కొలతకే కోసి ఉన్నాయి. బృందం మొత్తం లైఫ్‌జాకెట్ల పట్టీలు బిగించుకుని, వేదికకు ఎదురుగా వరసలో నిలబడింది.

సరంగు ఒక అడుగు ముందుకు వేశాడు. “ఎంత సేపు పట్టింది మేడమ్? ఈసారి బాగా ముందే వేసేశాం కదా?” అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

“ఏరు మూశామన్నావు కదయ్యా!”

“అవును మేడమ్. లంగరు పడింది, చెప్పాను.”

“ఏరు ఎక్కడుంది, నువ్వు ఎక్కడున్నావు?”

సరంగు వెనక్కి తిరిగి ట్యాంకుల వైపు చూశాడు. తర్వాత కంచె వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు ఆరిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఆయన అబద్ధం ఆడలేదు. నేర్పిన పాఠం నేర్పినట్టు అప్పజెప్పాడు, అంతే.

ఉప్పుటేటి దగ్గర అన్నయ్య, వదిన ఇద్దరూ నడుం లోతు నల్లనీళ్లలో ఉన్నారు. పెట్టె తర్వాత పెట్టె ఎత్తుతున్నారు, మూత తీస్తున్నారు, గట్టు మీద పెడుతున్నారు. మొదట లాగిన కొన్ని పై చెరువులో ఉన్నాయి. ఆమె ఆపమన్నాక ఆగిపోయినవే మిగతావన్నీ. మెత్తటి పీతల ఒంటికి నూనె పట్టేసి ఏది కాలో ఏది డెక్కో తెలియకుండా ఉంది. కొన్ని ఇంకా కదులుతున్నాయి. వాటిని చూడటమే కష్టంగా ఉంది.

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగబోయింది.

“మూశారన్నావు” అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు.

“మూశామని వాళ్లన్నారన్నయ్యా.”

“వాళ్లు నాకు చెప్పలేదు. నువ్వు చెప్పావు.”

వదిన ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ పెట్టెల మీదకి వంగింది. డ్రిల్లమ్మ ఆ పూటంతా వాళ్ల పక్కనే పెట్టెలు మోసింది. ఇద్దరిలో ఒక్కరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆమెను మనిషి లెక్కన చూడటమే మానేశారు. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

విచారణకు పైనుంచి ఒక కమిటీ దిగింది. అదే గది, అదే బల్ల, కుర్చీలు మాత్రం ఎక్కువ. కమాండర్ తన బృందం ఎంత వేగంగా జెట్టీకి చేరిందో చెప్పాడు. కెప్టెన్ తన బృందం ఇంకా ముందు చేరిందన్నాడు. రెండూ నిజమే కాబట్టి కమిటీ ఇద్దరినీ మెచ్చుకుంది. చమురు ఉన్నచోటికి ఎవరు ముందు చేరారని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ చేరలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత నయం. వీళ్లు చేతులు కాలాక, ఆకులు ఎవరి పెరట్లోవని వాదించుకుంటున్నారు.

సరంగును పిలిచారు. పాపం, ఆయన నీళ్లు నమలలేదు. “లంగరు పడ్డాక ఆ మాట చెప్పమన్నారు సార్. ప్రతి ఏడూ చెప్తున్నాను. ఆ మాట చెప్పడమే మూయడం అనుకున్నాను” అన్నాడు.

“చెప్పమన్నదెవరు?”

సరంగు తల వంచుకున్నాడు.

“నేనే సార్. ఆ వాక్యం నేనే రాశాను” అంది డ్రిల్లమ్మ.

గదిలో అందరి ప్రాణాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. ఆ తేలికపడటం ఆమెకు చెవులతో విన్నట్టే తెలిసింది. కమిటీ పెద్ద కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అయితే లోపం రాతలో ఉందన్నమాట. సిబ్బందిలో కాదు, ఏర్పాట్లలో కాదు. ఆ వాక్యం వల్ల గందరగోళం వచ్చింది. వచ్చే డ్రిల్లు నుంచి తీసేద్దాం.”

“మంచి నిర్ణయం సార్” అన్నాడు కెప్టెన్.

“మా దళం పూర్తిగా ఏకీభవిస్తోంది” అన్నాడు కమాండర్.

ఇన్నేళ్లకు ఆ ఏటి గురించి ఆ గదిలో అందరూ ఏకమై తీసుకున్న నిర్ణయం అదొక్కటే: ఏటి పేరు కొట్టెయ్యడం.

“వాక్యం తీసేస్తే ఏరు ఆగుతుందా సార్?” అంది. “కంచె అక్కడ వేసి చూడాలి. ఒక్కసారి. అతిథి లేకుండా, షామియానా లేకుండా, పోటు ఉన్నప్పుడు. కొక్కేలకి అతుకు చేయించాలి. ఏటి గట్టున రెండు గుంజలు పాతాలి. ఇంతే కదా నేను అడుగుతున్నది!”

“రాసి పంపండి” అన్నాడు ఇంజనీరు.

ఆమె రాసి పంపింది. రేవు వాళ్లు, ఏటి గట్టు రేవుది కాదు కాబట్టి గట్టు ఎవరిదో వాళ్లని అడగమన్నారు. గట్టు వాళ్లు, కంచె రేవుది కాబట్టి రేవునే అడగమన్నారు. ఎవరికి వారే యమునా తీరే. ఆఖరికి ఒక సెలవు రోజు పొద్దున ఆమె సరంగు ఇంటి తలుపు కొట్టింది. ఆయన ఎందుకని అడగలేదు, చొక్కా వేసుకుని వచ్చాడు. కంచె బయటికి తియ్యాలంటే కెప్టెన్ మాట కావాలి. ఆమె ఆయనకి ఫోన్ చేసింది.

“నువ్వు నన్ను అడగలేదు, నేను వినలేదు అనుకో” అని పెట్టేశాడు. ఆ గదిలో పుట్టిన అనుకోవడాలన్నిటిలోకీ పనికొచ్చింది అదొక్కటే.

దళం వాళ్లు మాత్రం తమ కంచె ఇవ్వలేదు, పై ఉత్తర్వు కావాలన్నారు. ఉన్నది రేవు కంచె ఒక్కటే. దాన్ని పడవకు కట్టి లాక్కుంటూ ఉప్పుటేటి మొహానికి చేరారు. ఒక గట్టున గుంజ పాతి కొస కట్టారు. రెండో కొస అవతలి గట్టుకు అందలేదు. సగం ఏరు దాటి, నడిమధ్యలో ఆగిపోయింది. అక్కడే లంగరు వేశారు. పోటు మొదలవగానే నీటి ఒత్తిడికి కంచె పొట్టలా ఉబ్బి, కిందికి ఒరిగి, లంగరును ఈడ్చుకుంటూ లోపలికి జరిగింది. మళ్లీ సర్ది వేశారు. మళ్లీ జరిగింది. సరంగు చేతులు తాడుకు ఒరుసుకుని తోలు లేచిపోయాయి.

అన్నయ్య ఇంటి నుంచి ఎప్పుడు వచ్చాడో, గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు తర్వాత ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఫోన్ చేస్తే వదినే ఎత్తి, ఆయన లేడని చెప్పేది. వెనకాల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉండేది.

చాలాసేపు చూశాక లేచి, నీటి అంచు దాకా వచ్చాడు.

“మూశారా?” అని కేకేశాడు.

పడవలో సరంగు తాడు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగి ఆమె వైపు చూశాడు. ఆమె తడిసి ముద్దయి ఉంది. ఇంత చేసీ ఏం సాధించామని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“లేదన్నయ్యా! సగమే వచ్చింది. ఆ సగం కూడా పోటుకి నిలబడటం లేదు. అవతలి సగానికి మా దగ్గర కంచె లేదు. మూయలేదు!”

అన్నయ్య ఏటి మొహం వైపు, అవతలి గట్టు వైపు, మళ్లీ ఆమె వైపు చూశాడు. చూసి, నీళ్లలోకి రెండడుగులు దిగాడు.

“ఈ ముక్క ఆ రోజు చెప్పుంటే సరిపోయేది చిట్టీ” అన్నాడు. “నా పీతల్ని నేను చూసుకునేవాణ్ణి.”